బ్రిటనీ లేసుకి వేల ఏళ్లా? సార్డీన్ చేపల్ని అడగండి

ఫ్యామిలీ గ్రూపులో మా పిన్ని ఒక ఫార్వర్డ్ పెట్టింది. తల మీద తెల్లటి గొట్టంలాంటి టోపీ నిలువుగా పెట్టుకున్న ఒక పెద్దావిడ ఫొటో, కింద పొడవాటి రాత. అందులో ఉన్నది ఇదీ: ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో కెల్టిక్ జాతి ఆడవాళ్లు వేల ఏళ్లుగా లేసు అల్లుతున్నారట. పద్నాలుగో లూయీ రాజు చర్చి గోపురాలు కూల్చేస్తే, వాటిని లేసుతో తల మీద నిలబెట్టుకున్నారట. అంతా మిషన్ తాకని చేతిపని, అదీ ఆడవాళ్ల చేతిపనేనట. ఇప్పటికీ రోజూ అదే టోపీతో తిరుగుతారట. మన నర్సాపురం లేసు దానికి కాపీ అట! ఆ చివరి మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. అయినా వరసలోనే వద్దాం.

ముందు ఒక మాట. బ్రిటనీ అంటే బ్రిటన్ కాదు, ఫ్రాన్స్‌కి పడమటి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ప్రాంతం. ఫొటోలో టోపీ దాని నైరుతి మూలన, పోంలాబే ఊరి చుట్టుపక్కల ఉన్న బిగూడెన్ సీమది. టోపీని అక్కడ క్వాఫ్ అంటారు.

వేల ఏళ్ల సంగతి. బ్రిటనీకి పాతకాలంలో పేరు తెచ్చింది లేసు కాదు, నార బట్ట. 17, 18 శతాబ్దాల్లో ఆ బట్ట ఓడలెక్కి స్పెయిన్‌కీ, అక్కడి నుంచి దాని వలస రాజ్యాలకీ వెళ్లేది. ఫ్రాన్స్‌లో లేసు అనగానే చెప్పుకునేది అలాన్సాన్, ల పుయి లాంటి ఊళ్లని. అవి బ్రిటనీలో లేవు. బిగూడెన్ సీమలో అమ్మకానికి క్రోషియా లేసు, అంటే కొక్కెం సూదితో అల్లే లేసు, మొదలైంది 1902 తర్వాత. ఆ ఏడాది సార్డీన్ చేపలు తీరానికి రాలేదు. ఆ సీమలో సార్డీనంటే అన్నం. మగవాళ్లు వేటకెళితే, ఆ చేపల్ని డబ్బాల్లోకెత్తే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు పనిచేసేవాళ్లు. చేప లేకపోతే ఇద్దరి కూలీ ఒకేసారి పోయినట్టే. ఇళ్లల్లో పొయ్యి వెలగని పరిస్థితి వచ్చింది. అప్పుడు దాతృత్వం చేసే సంపన్న స్త్రీలు, క్రైస్తవ సన్యాసినులు ఈ ఆడవాళ్లకి ఐర్లండ్ పద్ధతి క్రోషియా నేర్పించారు. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, ఒక గుడ్డ మీద పరిచి, మధ్య ఖాళీల్ని చిన్న చిన్న ముడులున్న వలతో కలిపే పద్ధతి అది. కాలర్లు, టేబుల్ గుడ్డలు అల్లారు, తాము వేసుకోవడానికి కాదు, అమ్ముకోవడానికి. స్థానికంగా ‘పికో బిగూడెన్’ అనే పేరు స్థిరపడింది.

అసలు ఐర్లండ్‌లో ఆ అల్లిక ఊపందుకున్నది కూడా 1840ల నాటి బంగాళాదుంప కరువులోనే. అక్కడా సన్యాసినుల మఠాలే నేర్పాయి. ఐర్లండ్ వాళ్లూ కెల్టులే కాబట్టి ‘కెల్టిక్’ అన్న ముక్క అనుకోకుండా సగం నిజమైంది. బ్రిటనీ లేసుకి వేల ఏళ్లు మాత్రం నూట ఇరవై చిల్లర ఏళ్లకి కుంచించుకుపోయాయి.

ఇక గోపురాల కథ. ఇది ఫార్వర్డ్ రాసినవాడి సొంత కల్పన కాదు, ఆ సీమలోనే ఇష్టంగా చెప్పుకునే కథ. సగం నిజం కూడా. 1675లో కొత్త పన్నుల మీద, ముఖ్యంగా స్టాంపు కాగితం పన్ను మీద రైతులు తిరగబడ్డారు. రాజు తరఫు గవర్నర్ షోన్ డ్యూక్ తిరుగుబాటుని అణిచేసి, శిక్షగా కొన్ని చర్చిల గోపురాలు కొట్టేయించాడు. పోంలాబేలో లాంబూర్ చర్చి ఇప్పటికీ గోపురం లేకుండా మొండిగానే నిలబడి ఉంది. కానీ టోపీ? 1900 ప్రాంతపు ఫొటోలు చూడండి, అరచేతి వెడల్పు కూడా ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పెరగడం మొదలుపెట్టి, తర్వాతి దశాబ్దాల్లో 30 సెంటీమీటర్లు దాటింది. 1675 నాటి కోపం తల మీదికి ఎక్కడానికి రెండున్నర శతాబ్దాలు పట్టిందంటే నమ్మడం కష్టం. నాకు కనిపించేది ఫ్యాషనే. పక్కింటావిడది నాలుగు వేళ్లుంటే మనది ఐదు వేళ్లుండాలి, అంతే. మన దగ్గర జాకెట్ చేతులు పెరిగి తగ్గడానికి ఏ రాజు కారణం?

మిషన్ తాకని పని అన్నది మరీ ఘోరం. ఆ పొడుగు టోపీ నిజానికి అల్లిన లేసు కాదు, నెట్ గుడ్డ మీద సూదితో చేసిన ఎంబ్రాయిడరీ. ఆ నెట్ ఎక్కడిది? 19వ శతాబ్దపు మొదట్లో ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ నెట్ నేసే మిషన్ కనిపెట్టాక చవకగా దొరికిన సరుకు. సన్నటి నెట్ అందుబాటులోకి రావడం వల్లే పల్లెటూరి ఆడవాళ్లు కూడా అంత పని ఉన్న టోపీ పెట్టుకోగలిగారు. సూదిపని చేతిదే, గంజి పెట్టి ఇస్త్రీ చేసి నిలబెట్టడం ఇంకో పెద్ద విద్య, ఆ గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. పునాది మాత్రం మిషన్‌దే. షాపుల్లో ‘బ్రెటన్ లేసు’ పేరుతో దొరికే పడవలు, సముద్రపు పక్షుల కర్టెన్లు చాలావరకు మొత్తం మిషన్ పనే.

అంతా ఆడవాళ్ల పని అన్నది కూడా తప్పే. బిగూడెన్ జాకెట్ల మీద నారింజ, పసుపు దారాలతో కనిపించే దట్టమైన ఎంబ్రాయిడరీ ఒకప్పుడు మగ దర్జీల వృత్తి. రోజూ క్వాఫ్ పెట్టుకునే తరం దాటిపోయింది. ఇప్పుడు పోంలాబేలో వేసవిలో జరిగే ఎంబ్రాయిడరీ పండుగలోనో, జానపద నృత్య బృందాల్లోనో చూడాలి.

ఇప్పుడు మన నర్సాపురం. గోదావరి డెల్టాలో క్రోషియా లేసు క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది, 19వ శతాబ్దం మధ్యలో. మొదలైన ఏడాదిగా 1844 అని చెబుతారు. బిగూడెన్ ఆడవాళ్లు క్రోషియా సూది పట్టేనాటికి మన దగ్గర అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతూ తరం గడిచిపోయింది. ఇక కాపీ ఎలా అవుతుంది? రెండు చోట్లా సూది పట్టించింది చర్చి మనుషులే, కొన్నది దూరపు ఊళ్ల వాళ్లే. చుట్టరికం అంటే అదీ. నర్సాపురం క్రోషియా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది.

ఇదంతా మా పిన్నికి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. మా అమ్మమ్మ అల్లిన టేబుల్ గుడ్డ ఇంకా ఆవిడ బీరువాలోనే ఉంది. దాని ఫొటో తీసి అదే ఫార్వర్డ్ కింద పెట్టింది.