వీపు దగ్గర జాలీ ఉంటే సరిపోతుందా? ట్రెక్ బ్యాగ్ ఫార్వర్డ్‌కు జవాబు

హిమాలయాల్లోని కేదార్‌కంఠకో హంప్టా పాస్‌కో ట్రెక్కింగ్‌కు బయల్దేరేవాళ్లు హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు పంపుకునే సలహా ఒకటుంది. జాలీ వీపున్న బ్యాగ్ కొంటే చెమట పట్టదట. సైజు మన ఎత్తును బట్టి చూసుకోవాలట. 70 లీటర్లదైతే దేనికైనా సరిపోతుందట. నడుం బెల్టు ఉన్నా లేకపోయినా ఒకటేనట. బరువైనవి అడుగున సర్దాలట, రెయిన్ కవర్ ఉంటే వానకు దిగులే లేదట. ఇది నమ్మి వేలు పోసి కొన్నవాళ్లు రెండో రోజుకే భుజాలు పట్టుకుని కూర్చుంటున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూద్దాం.

"జాలీ ఉంటే చెమట పట్టదు." పడుతుంది. బరువు మోస్తూ ఎక్కుతుంటే ఒళ్లు వేడెక్కుతుంది, ఆ వేడికి చెమట పోస్తుంది. దాన్ని ఏ బ్యాగూ ఆపలేదు. ఒంపు తిరిగిన ఫ్రేమ్‌కు జాలీని బిగించి కడతారు, దానికీ సంచికీ మధ్య కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. పక్కల నుంచి గాలి ఆడి చొక్కా త్వరగా ఆరుతుంది, అంతే. పొడి గాలిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆగస్టు ముసురులో అనంతగిరి అడవిలో నడిస్తే గాలే తడిగా ఉంటుంది, చెమట ఆరడం కష్టం. భుజం పట్టీల కింద, బెల్టు కింద ఎలాగూ తడుస్తుంది. లోపల కాటన్ టీషర్ట్ వేసుకుంటే జాలీ వల్ల వచ్చే లాభం చాలావరకు పోయినట్టే. పాలిస్టరో, మెరినో గొర్రెల ఉన్నో వేసుకోవాలి.

ఈ గాలికి మనం చెల్లించే ధర గురించి ఆ సలహాలో ఒక్క ముక్క లేదు. 5 కిలోల బియ్యం సంచిని ఛాతీకి హత్తుకుని నిలబడండి. తర్వాత అదే సంచిని జానెడు ముందుకు జరిపి పట్టుకోండి. బరువు మారలేదు, చేతులు మాత్రం లాగేస్తాయి. జాలీ బ్యాగ్ కూడా బరువును వీపు నుంచి అలాగే దూరం జరుపుతుంది. 8-10 కిలోల వరకు పెద్దగా తెలియదు. 15 కిలోలు దాటి, రాళ్ల దారిలో దిగేటప్పుడు మాత్రం బ్యాగ్ వెనక్కి గుంజుతుంది. అలాంటి బరువుకు గాలి పోయే గాడులున్న ఫోమ్ వీపు బ్యాగే మేలు. ఇంకో సంగతి, జాలీ బ్యాగ్‌ను అతిగా కుక్కితే సంచి ఉబ్బి జాలీకి ఆనుతుంది. అప్పుడు ఆ గాలీ ఉండదు, ఇచ్చిన డబ్బూ దండగ.

"సైజు మీ ఎత్తును బట్టి." ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. కొలవాల్సింది వీపు పొడవు. తల ముందుకు వంచితే మెడ మొదట్లో ఒక ఎముక పొడుచుకొస్తుంది. చేతులు తుంటి ఎముకల అంచు మీద ఆనించి బొటనవేళ్లు వెనక్కి పెడితే, ఆ రెండు వేళ్లనూ కలిపే గీత రెండో గుర్తు. ఈ రెండిటి మధ్య దూరాన్ని వెన్ను వెంబడి దర్జీ టేపుతో ఇంకొకరి చేత కొలిపించుకోవాలి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి 44 సెంటీమీటర్లు, ఇంకొకరికి 50 రావచ్చు. బ్యాగ్ వీపు పొట్టిదైతే బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. పొడవైతే భుజాల దగ్గర సందు పడి బరువు వెనక్కి వాలుతుంది.

"నడుం బెల్టు ఉన్నా లేకపోయినా ఒకటే." బిందెను నడుం మీద ఆనించి మోసే ఆడవాళ్లను చూస్తే చాలు, బరువు ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. బెల్టు సరిగ్గా పడితే బరువులో ఎక్కువ భాగం తుంటి మీదే ఉంటుంది. లేదంటే భుజాల దగ్గర నరాలు నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. పట్టీలన్నీ వదులు చేసి, బెల్టు మెత్త మధ్యభాగం తుంటి ఎముక మీద పడేలా పెట్టి ముందు దాన్నే బిగించాలి. తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగ్‌కు పోయే చిన్న పట్టీలు (ఇవి సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి), చివర్లో ఛాతీ పట్టీ. కొన్నాక ట్యాగులు తీయకుండా రెండు 5 కిలోల బియ్యం సంచులు పెట్టుకుని ఇంట్లో అరగంట తిరగండి. కుదిరితేనే ఉంచుకోండి, లేకపోతే తిరిగివ్వండి. ఆ తర్వాత మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగితే మిగిలిన లోపాలు బయటపడతాయి.

"70 లీటర్లు." టెంటు, తిండి నిర్వాహకులే చూసుకునే ట్రెక్‌కు 40 నుంచి 50 లీటర్లు చాలు. అన్నీ మీరే మోస్తే 55-65. ఖాళీ ఉంటే ఏదో ఒకటి నింపుతాం. మొత్తం మోత ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోండి, అంటే 65 కిలోల మనిషికి 13 కిలోలు.

"బరువైనవి అడుగున." కాదు. అడుగున స్లీపింగ్ బ్యాగ్, దాని పైన వీపును ఆనుకుని నీళ్లు, తిండి, బయటివైపు తేలికైనవి.

ఇక రెయిన్ కవర్. అది వీపువైపు కప్పదు. జాకెట్ మీంచి కారిన నీళ్లు అటునుంచే లోపలికి దిగుతాయి, గట్టి గాలికి కవరే ఎగిరిపోతుంది. బ్యాగ్ లోపల మందపాటి పాలిథిన్ సంచి ఒకటి పరిచి, స్లీపింగ్ బ్యాగ్, మార్చుకునే బట్టలు అందులో పెట్టండి. గాలి తీసేసి మూతి మెలితిప్పి మడవండి. కవర్ ఆ తర్వాత వేసుకోవచ్చు.