సవరణ: రేసు ఆర్‌ఎక్స్ 100 రేటు గురించి

రేసుకు తయారుచేసిన పాత యమహా బైక్ ఆర్‌ఎక్స్ 100 కొనేటప్పుడు ముందు ఇంజన్ చూసి రేటు కట్టమని మొన్న రాస్తే, ఇంజన్ మీద పెట్టిన ఖర్చంతా రేటులో కలపాలని కొందరు అనుకున్నారు. అలా కాదండీ. ఒకసారి పోర్టులు (సిలిండర్‌లో పెట్రోలు-గాలి లోపలికి, పొగ బయటికి వెళ్లే దారులు) గీకి పెద్దవి చేశాక ఆ సిలిండర్ మళ్లీ మామూలుగా అవ్వదు, రోజూ రోడ్డు మీద తిప్పేవాళ్లకి అది భారమే, రేటు తగ్గాల్సిందే. బండితో వచ్చిన పాత సిలిండర్, సైలెన్సర్ దాచి ఉంచి బండితో పాటు ఇస్తేనే రేటు పెరుగుతుంది. మీటర్‌లో కిలోమీటర్లు నమ్మొద్దు. వరదలొచ్చే అమలాపురం, రాజోలు వైపు బండి అయితే సీటు తీసి ఫ్రేమ్ అతుకుల దగ్గర, ట్యాంకు లోపల టార్చ్ వేసి చూడండి, వరద నీళ్లలో నానిన బండికి పైన ఎంత రంగు కొట్టినా అక్కడ తుప్పు దొరికిపోతుంది. ఆర్సీలో ఇంజన్, ఛాసిస్ నంబర్లు కలవకపోతే బేరమే వద్దు, 1996లోనే తయారీ ఆగిపోయింది కాబట్టి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో కూడా అడగండి.