వాట్లు తగ్గాయి, వెలుగు పెరిగింది

వీధుల్లో సోడియం దీపాలు తీసేసి ఎల్‌ఈడీలు బిగించిన నగరాలన్నీ చెప్పే మాట ఒకటే: కరెంటు బిల్లు సగానికి దిగింది. అందులో అబద్ధం లేదు. కానీ తలెత్తి చూస్తే చుక్కలు మునుపటికన్నా తక్కువ. 2011 నుంచి 2022 దాకా ప్రపంచం నలుమూలల నుంచి మామూలు జనం తమ కంటికి ఆకాశం ఎంత వరకు కనిపిస్తోందో గుర్తించి పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను శాస్త్రవేత్తలు క్రోడీకరించారు. 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ లెక్క ప్రకారం రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోంది. ఆ చొప్పున ఎనిమిదేళ్లు నిండకముందే రెట్టింపవుతుంది.

ఉపగ్రహాలు మాత్రం ఇంత పెరుగుదల చూపించలేదు. 2012–16 మధ్య అవి చెప్పింది ఏటా 2.2 శాతమే. తేడాకు ఒక కారణం పరికరంలోనే ఉంది. ఉపగ్రహం నుంచి రాత్రి వెలుగును కొలిచే ‘విర్స్’ కెమెరాకు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి దిగువన ఉన్న నీలికాంతి కనిపించదు. తెల్ల ఎల్‌ఈడీ నీలికాంతి అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది 450 దగ్గరే. పైగా కిటికీల నుంచి, నిలువు హోర్డింగుల నుంచి అడ్డంగా పోయే వెలుగు నడినెత్తిన ఉన్న కెమెరాకు సరిగా అందదు. కరెంటు మీటరూ తగ్గిందంటుంది, ఉపగ్రహమూ పెద్దగా పెరగలేదంటుంది. ఈ రెంటినీ నమ్ముకుని విధానాలు రాస్తే ఆకాశం సంగతి ఎవరి ఖాతాలోకీ రాదు.

అసలు తప్పు కొలమానంలో ఉంది. కాంతి కాలుష్యం దీపం వెదజల్లే వెలుగులో, అంటే ల్యూమెన్లలో జరుగుతుంది; మనం నియమాలు అది తాగే కరెంటులో, అంటే వాట్లలో రాసుకున్నాం. ఈ రంగంలో ముందు నడిచిన ఐరోపా దేశం స్లొవేనియానే తీసుకోండి. 2007 నాటి అక్కడి ఉత్తర్వు దీపం నుంచి నేరుగా పైకి పోయే కాంతి సున్నా ఉండాలంది. వీధి దీపాల కరెంటు వాడకం ఒక్కో నివాసికి ఏడాదికి 44.5 యూనిట్లు దాటకూడదనీ అంది. సోడియం రోజుల్లో అది గట్టి కళ్లెమే. సోడియం దీపం ఫిట్టింగుతో కలిపి వాటుకు 60–80 ల్యూమెన్లు ఇస్తే, ఇప్పటి ఎల్‌ఈడీ 130కి పైనే ఇస్తుంది. అవే యూనిట్లతో దాదాపు రెట్టింపు వెలుగు వెలిగించవచ్చు. అంకె మారలేదు, కళ్లెం మాత్రం వదులైపోయింది. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ 1958లోనే వాణిజ్య సెర్చిలైట్లను నిషేధించిన ఊరు. అక్కడి నియమావళి ఎకరానికి ఇన్ని ల్యూమెన్లని పరిమితి పెడుతుంది. దీపం జాతి మారినా ఆ నియమం పాతబడదు.

చాలాచోట్ల వెలుగు పెరిగేది చట్టంలో కాదు, టెండరు కాగితంలో. రోడ్డు వెలుగు ప్రమాణాలు ‘కనీసం ఇంత’ అంటాయి గానీ ‘ఇంతకు మించకూడదు’ అనవు. గుత్తేదారు కొలతలో తక్కువ పడకుండా ఉండటానికి ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గుతాడు. దానికి తోడు నిర్వహణ గుణకం ఒకటి ఉంది. దీపం ఏళ్ల తరబడి దుమ్ము పట్టి, మసకబారి, చివరిరోజున కూడా కనీస వెలుగు ఇవ్వాలి కాబట్టి డిజైనర్లు ముందే కలిపి వేస్తారు. గుణకం 0.8 అయితే తొలిరోజు వెలుగు అవసరానికన్నా 25 శాతం ఎక్కువ, 0.7 అయితే 43 శాతం ఎక్కువ. ఎల్‌ఈడీ నెమ్మదిగా తగ్గుతుంది కనుక ఈ అదనం ఏళ్ల తరబడి వృథాగా వెలుగుతుంది. మొదట్లో తక్కువ కరెంటుతో నడిపి, దీపం వయసుతో పాటు పెంచుకుంటూ పోయే డ్రైవర్లు (ఎల్‌ఈడీకి కరెంటు అందించే పరికరాలు) ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. టెండరులో ఒక వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం చాలా టెండర్లలో కనిపించదు.

ఇంకో సంగతి కూడా అంతే తేలిగ్గా మరిచిపోతాం. అంతర్జాతీయ ప్రకాశ సంఘం సీఐఈ 2010 నాటి తన 115వ నివేదికలో రోడ్లను ఎం1 నుంచి ఎం6 దాకా వర్గీకరించింది. రోడ్డు ఎంత వెలుగ్గా కనిపించాలో చెప్పే కాండెలా కొలతలో, చదరపు మీటరుకు 2 నుంచి 0.3 దాకా దిగే వర్గాలవి. రద్దీ తగ్గే వేళల్లో అదే రోడ్డును కింది వర్గానికి దించవచ్చని ఆ నివేదికే చెబుతుంది. సాయంత్రం ఏడు గంటల రద్దీకి సరిపడా వెలుగును తెల్లవారుజామున మూడింటికి కూడా ఉంచమని ఏ ప్రమాణమూ అడగలేదు.

మరి తగ్గించరేం? తరచూ కారణం ఒక చిన్న భాగం. దీపం నెత్తిన ఉండే సాకెట్‌కు మూడు పిన్నులే ఉంటే వెలుతురును పసిగట్టే ఫోటోసెల్ పెట్టి వెలిగించడం, ఆర్పడం తప్ప ఏమీ చేయలేం. ఏడు పిన్నులది అయితే వెలుగు తగ్గించే తీగలు, సెన్సర్ తీగలు కూడా అందులోనే ఉంటాయి. కొనేటప్పుడు కొద్దిపాటి ఖర్చుతో పోయేది, తర్వాత చేయాలంటే నిచ్చెన బండి తీసుకుని ప్రతి స్తంభమూ ఎక్కాలి. నియంత్రణ తీగలు లేని చోట మరో మార్గముంది: దీపం వెలిగిన వేళ, ఆరిన వేళ గమనించి, నాలుగైదు రాత్రుల సగటుతో నడిరాత్రి ఎప్పుడో తానే లెక్కగట్టుకుని వెలుగు తగ్గించే డ్రైవర్. చవక, తెలివైనది. కాకపోతే రాత్రిళ్లు తరచూ కరెంటు పోయే లైన్లలో దాని లెక్క తప్పి, తగ్గాల్సిన వేళ కాస్తా జరిగిపోతుంది. అలాంటి చోట గడియారంతో నడిచే నియంత్రికే మేలు.

రంగు విషయంలో విధానాలు కాస్త మేల్కొన్నాయి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధి దీపాల రంగు 3000 కెల్విన్లు (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది) మించవద్దని సూచించాక ఆ అంకె చాలా నిబంధనల్లోకి ఎక్కింది. గాలిలో కాంతి చెదరడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. అంటే 450 నానోమీటర్ల నీలికాంతి, సోడియం 589 పసుపుకన్నా దాదాపు మూడు రెట్లు చెదురుతుంది. ఐతే కెల్విన్ అనేది కంటికి తోచే ఛాయ తప్ప నీలం కొలత కాదు. ఒకే 3000 ముద్ర ఉన్న రెండు దీపాల్లో నీలం వాటా వేర్వేరుగా ఉండవచ్చు. టెలిస్కోపులే జాతీయ ఆస్తి అయిన చిలీ అందుకే కెల్విన్లను నమ్ముకోకుండా, వర్ణపటంలో నీలం వాటాకే నేరుగా పరిమితి పెట్టింది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో ఫ్లోరిడా అడిగేది కూడా ఇలాంటిదే: 560 నానోమీటర్లకు ఎగువ కాంతి మాత్రమే, అదీ తక్కువ ఎత్తులో, మూత పెట్టి.

మూత పెట్టడమంటే గుర్తొచ్చింది, కర్మాగారంలో పైకి చుక్క కాంతి పోదని పరీక్షలో తేలిన దీపం స్తంభం మీద అలా ఉండదు. స్తంభం రోడ్డుకు దూరంగా ఉంటే, చేయి పొట్టిదైతే, అవతలి వరుసకు వెలుగు చేర్చడానికి బిగించేవాళ్లు దీపాన్ని పది పదిహేను డిగ్రీలు పైకి ఎత్తుతారు. దాంతో దిగంతానికి కాస్త పైన అడ్డంగా పోయే కాంతి పుడుతుంది. అన్నిటిలోకీ చెడ్డది అదే. దట్టమైన కింది గాలిలో చాలా దూరం ప్రయాణించి, పదుల కిలోమీటర్ల అవతల ఆకాశాన్ని కూడా పాడుచేస్తుంది. రోడ్డు వెడల్పుకు తగిన లెన్సు ఎంచుకుంటే దీపాన్ని చదునుగానే ఉంచవచ్చు. ఎంత చదునుగా బిగించినా తారు రోడ్డు తనపై పడిన దాంట్లో పదో వంతు దాకా పైకి పంపుతుంది, సిమెంటు రోడ్డు ఇంకా ఎక్కువ. కాబట్టి కోణం సరిచేసి, ల్యూమెన్లను వదిలేస్తే సగం పనే.

వీధి దీపాల మీదే చూపు నిలపడం కూడా పొరపాటే. అరిజోనాలోనే ఉన్న టూసన్ నగరం 2019లో పది రాత్రుల పాటు తన వీధి దీపాల వెలుగును హెచ్చించి, తగ్గించి ఉపగ్రహంతో కొలిపించింది. నడిరాత్రి దాటాక ఊరి మొత్తం వెలుగులో వాటి వాటా 13 శాతం; అర్ధరాత్రి తగ్గించే అలవాటు లేకపోయినా 18 శాతమే. మిగతాది పార్కింగులు, దుకాణాలు, మైదానాలు, భవనాలు, హోర్డింగులది. డిజిటల్ హోర్డింగు పగటి ఎండలో కనిపించాలంటే చదరపు మీటరుకు ఐదు వేల కాండెలాలు కావాలి, రాత్రికి రెండు మూడు వందలే ఎక్కువ. వెలుగు సెన్సర్ చెడిపోతే చాలా బోర్డులు పగటి స్థాయిలోనే నిలిచిపోతాయి. చెడితే రాత్రి స్థాయికే పడిపోవాలని అనుమతిపత్రంలో రాయడానికి ఖర్చేమీ లేదు.

భద్రత మాటేమిటని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల లెక్కలు చూసిన 2015 అధ్యయనంలో దీపాలు ఆర్పినా, తగ్గించినా రోడ్డు ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగిన దాఖలా దొరకలేదు. 2016లో న్యూయార్క్ ప్రభుత్వ గృహ సముదాయాల్లో యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోట్ల దీపస్తంభాలు పెట్టి చూస్తే రాత్రిపూట ఆరుబయట తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయి. రెంటికీ వైరుధ్యం లేదు. మనుషులు నడిచే, నేరాలున్న ఆవరణ ఒకటి. వాహనాలు మాత్రమే పోయే రోడ్డు ఇంకొకటి. రెంటికీ ఒకే జీవో పనికిరాదు.

కాగితం మీద అన్నిటికన్నా వివరమైనది ఫ్రాన్స్ 2018 డిసెంబరు 27 నాటి ఉత్తర్వు. బిగించిన తర్వాత పైకి పోయే కాంతి 4 శాతం లోపు, రంగు 3000 కెల్విన్ల లోపు, ఊళ్లలో చదరపు మీటరుకు 35 ల్యూమెన్ల లోపు ఉండాలి. పని ముగిసిన గంటలో ఆఫీసు దీపాలు ఆరాలి. తప్పితే దీపానికి 750 యూరోల దాకా జరిమానా. తనిఖీ మాత్రం ఎక్కువగా ఊరి మేయర్ బాధ్యత, ఆయన సిబ్బంది సాయంత్రమే ఇళ్లకు పోతారు. ఒంటిగంటకు ఆరాల్సిన దీపం ఆరిందో లేదో చూడటానికి ఒంటిగంటకు ఎవరో వీధిలో ఉండాలి కదా. దీనికి పనికొచ్చే ఉపాయం బిల్లుల విభాగంలోనే ఉంది: గుత్తేదారుకు ఇవ్వాల్సిన సొమ్ములో పది శాతం ఆపి ఉంచి, పని పూర్తయ్యాక ఒక రాత్రి వెలుగు కొలిచే లక్స్ మీటరుతో, కోణమానినితో స్తంభాల్లో ఇరవైయో వంతును ఎంచి కొలిచి, కనిష్ఠంతో పాటు గరిష్ఠం కూడా సరిపోతేనే విడుదల చేయాలి. ఆ కొలతకు వచ్చేది పొద్దున పది గంటలకు కాకుండా, వెలుగు తగ్గాల్సిన వేళ దాటాక.