పట్టాదారు సీ, అనుభవదారు ఈ

హార్డ్ డిస్క్ మార్చిన తర్వాత విండోస్ తన సొంత ఇంటిని తానే గుర్తుపట్టకపోవడాన్ని లోపమని ఆడిపోసుకునేవారు తహసీల్దారు కార్యాలయం గడప ఏనాడూ తొక్కి ఉండరు. తొక్కినవారికి అందులో వింతేమీ కనిపించదు. పొలంలో నిలబడి దున్నుతున్న మనిషి పేరు అడంగల్‌లో లేకపోతే ఆ మనిషి లేనట్టే. ఎప్పుడో కాలం చేసిన తాతగారి పేరు అందులో ఉంటే ఆయన ఇంకా దున్నుతున్నట్టే. ఇంతటి ఉదాత్తమైన సూత్రాన్ని ఒక యంత్రం లంచం అడగకుండా, భోజన విరామం తీసుకోకుండా పాటిస్తూ ఉంటే, మెచ్చుకోవలసింది పోయి ఫిర్యాదు చేస్తున్నాం.

నా దగ్గర విండోస్ ఎక్స్‌పీతో నడిచే పాత సిస్టమ్ ఒకటి ఉంది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయిందని నాకు తెలియక కాదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలన్నీ అందులోనే ఉండటం వల్ల దాన్ని కదపడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి డిస్కు లోపలి నుంచి ఎవరో అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నట్టు టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. నేనూ, వీధి చివరి రిపేరు కుర్రాడూ కలిసి కొత్త డిస్కు తెచ్చి, పాతదాని పక్కనే తగిలించి, విండోస్‌లోనే దానికి బారసాల జరిపించి, ఆ తర్వాత పాతదాన్ని కొత్తదానిలోకి క్లోన్ చేసి (అంటే ఉన్నదున్నట్టు నకలు తీసి), పాతదాన్ని విప్పేశాం. ఆ బారసాలలోనే పొరపాటు జరిగింది కాబట్టి తప్పు మా ఇద్దరిదీ చెరిసగం.

సిస్టమ్ ఆన్ చేస్తే బ్రహ్మాండంగా బూట్ అయింది. నా పేరు మీద నొక్కగానే నా సెట్టింగులు తెస్తున్నానంది. తెరమీద పచ్చటి కొండ ఒక్క క్షణం మెరిసింది. వెంటనే నా సెట్టింగులు భద్రపరుస్తున్నానని చెప్పి, కొత్త వియ్యంకుణ్ణి సాగనంపినంత మర్యాదగా నన్ను గుమ్మం బయట దిగబెట్టింది. మళ్లీ నొక్కాను, మళ్లీ సాగనంపింది. పదకొండోసారి కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

జరిగింది రికార్డుల ప్రకారం పూర్తిగా సక్రమం. కొత్త డిస్కు పాతదాని పక్కన చుట్టంగా కూర్చున్న రోజున విండోస్ దానికి ఈ (E) అనే అక్షరం కేటాయించి, తన లెక్కలన్నీ రాసుకునే రిజిస్ట్రీ అనే దస్త్రంలో మౌంటెడ్ డివైసెస్ అనే చోట నమోదు చేసుకుంది. ఆ నమోదు ఎంత పకడ్బందీగా ఉంటుందో చూస్తే మన ఆర్‌ఐలు సిగ్గుపడతారు. ఒక్కో అక్షరం ఎదుట 12 బైట్లు ఉంటాయి. మొదటి 4 బైట్లు ఆ డిస్కు సంతకం, అంటే దాన్ని గుర్తుపట్టే సంఖ్య; తక్కిన 8 బైట్లు ఆ విభాగం డిస్కులో ఎక్కడ మొదలవుతుందో చెప్పే హద్దు. మా డిస్కులో ఆ హద్దు 63 సెక్టార్ల తర్వాత, అంటే 32,256 బైట్లు దాటాక వచ్చింది. సీ ఎదుట పాత డిస్కు సంతకం, ఈ ఎదుట కొత్త డిస్కు సంతకం పడ్డాయి. క్లోన్ చేసినప్పుడు ఇంటి సామానుతో పాటు ఈ రికార్డు కూడా కొత్త డిస్కులోకి తరలిపోయింది. క్లోన్ చేసిన ప్రోగ్రాం మాత్రం కొత్త డిస్కు సంతకాన్ని ముట్టుకోకుండా వదిలేసింది. ఇప్పుడు విండోస్ నిద్రలేచి, తాను నిలబడ్డ నేల సంతకం చూసి, రికార్డు తిరగేసి, ఇది "ఈ" డ్రైవు అని తేల్చింది. మనిషి లోపలికి రాగానే నడపవలసిన యూజర్‌ఇనిట్ అనే ప్రోగ్రాం చిరునామా మాత్రం సీ డ్రైవులో ఉన్నట్టుగా, చివర కామాతో సహా, వేరే పేజీలో రాసి ఉంది. సీ అనే డ్రైవు ఊళ్లోనే లేదు. అందుకని మర్యాదగా సాగనంపింది. అడంగల్‌లో పట్టాదారు గడి ఒకటీ అనుభవదారు గడి ఒకటీ ఎందుకుంటాయో నాకు ఆ రాత్రి బోధపడింది.

ఇంతకీ ఈ అక్షరాల పెత్తనం ఈనాటిది కాదు. గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అది విండోస్‌కు ముందుతరమైన డాస్‌కు, డాస్ నుంచి విండోస్‌కు వంశపారంపర్యంగా వచ్చింది. ఏ, బీ అనే అక్షరాలు ఫ్లాపీల సొత్తు కావడంతో, 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ వచ్చేసరికి దానికి మూడో అక్షరం మిగిలింది. ఫ్లాపీలు గతించినా వాటి పేర్లు రేషన్ కార్డులోంచి ఇంకా తీసేయలేదు, మూడోవాడు ఇప్పటికీ మూడోవాడే. ఇదే పద్ధతిని యాభై ఆరు అక్షరాలున్న భాషవాళ్లం మొదలుపెట్టి ఉంటే ఇరవై ఆరింటి కరువు ఉండేది కాదు, బండి ఱ డ్రైవులో పెళ్లి వీడియోలు దాచుకుని హాయిగా ఉండేవాళ్లం.

అక్షరం తప్పుపడితే దిద్దుకోవచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ అనే పనిముట్టుతో ఏ డ్రైవు అక్షరాన్నయినా మార్చుకోవచ్చు, మీరు మార్చవలసి వచ్చినదాన్ని తప్ప. సిస్టమ్ వాల్యూమ్, బూట్ వాల్యూమ్ అనే డిస్కు విభాగాల అక్షరాలు మార్చడం కుదరదని అది ఖరాఖండీగా చెబుతుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటంటే, బూట్ చేసే ఫైళ్లు ఉన్నదాన్ని సిస్టమ్ వాల్యూమ్ అనీ, సిస్టమ్ ఫైళ్లు ఉన్నదాన్ని బూట్ వాల్యూమ్ అనీ అంటారు. ఇది నా పరిహాసం కాదు, అధికారిక నిర్వచనం. అయినా లోపలికే అడుగుపెట్టనివ్వని ఇంట్లో గది పేర్ల గురించి వాదన దేనికి?

కుర్రాడు మాత్రం మన రిపేరు శాస్త్రంలోని ఏకైక మహామంత్రాన్ని జపించాడు: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." పట్టాలో పేరు తప్పుపడిందని పొలం తగలబెట్టమనే సలహా ఇది. నేను దణ్ణం పెట్టి వద్దన్నాను. దానితో వాడు తలగోక్కుని, డిస్కు విప్పి, తన షాపులోని వేరే సిస్టమ్‌కు తగిలించాడు. అక్కడ దానికి జీ అనే అక్షరం దక్కింది. ఊరు మారితే పేరు మారినట్టు, ఈ అక్షరం డిస్కు ఒంటిమీద ఎక్కడా రాసి ఉండదు, ఏ సిస్టమ్ రికార్డు దానిదే. తర్వాత వాడు రిజిస్ట్రీ ఎడిటర్ తెరిచి, లోడ్ హైవ్ (హైవ్ అంటే రిజిస్ట్రీలోని ఒక భాగం ఉండే ఫైలు) అనే పని ద్వారా నా డిస్కులో విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ ఫోల్డర్ల అడుగున ఉన్న సిస్టమ్ అనే ఫైలును పైకి లాగాడు. మౌంటెడ్ డివైసెస్‌లో సీ వరసా ఈ వరసా ఒకదాని కిందొకటి కనిపించాయి. "ఈ" అన్న పేరును నేరుగా సీ అని మార్చబోతే ఆ పేరుతో ఇప్పటికే ఒకరున్నారని ఒప్పుకోలేదు. అందుకని ముందు సీకి జెడ్ అని పేరు పెట్టి పక్కకు నెట్టి, ఖాళీ అయిన కుర్చీలో "ఈ"ని కూర్చోబెట్టి, హైవ్ దించేశాడు. ఆ పేర్లకు ముందున్న వాలుగీతా, చివరి రెండు చుక్కలూ చెరగకుండా ఎఫ్2 నొక్కి ఒక్క అక్షరం మాత్రమే మార్చాడు. మ్యుటేషన్ ఇంత త్వరగా ముగియడం నా జీవితంలో ఇదే మొదటిసారి. చేయి తడపవలసి వస్తుందేమోనని అలవాటుగా జేబు తడుముకున్నాను. వాడు టీ తాగుదామన్నాడు.

డిస్కు ఇంటికి తెచ్చి బిగిస్తే పచ్చటి కొండ వచ్చింది, వచ్చి నిలబడింది. పుస్తకాలన్నీ సీ డ్రైవులోనే ఉన్నాయి. పాత డిస్కును పాలిథిన్ కవరులో చుట్టి బీరువాలో పెట్టాను. కొత్తదానితో కలిపి తగిలిస్తే దానికి జెడ్ అనే అక్షరం దక్కుతుంది. ఒంటరిగా తగిలించి బూట్ చేస్తే మాత్రం ఇప్పటికీ నేనే సీ అంటుంది, దాని రిజిస్ట్రీలో పట్టా దానిదే కదా. కవరు మీద కుర్రాడు స్కెచ్ పెన్నుతో "వివాదంలో ఉంది, తగిలించరాదు" అని రాసిచ్చాడు.