తిట్లు తీసేస్తే లినక్స్ కూలిపోయిందా?

మా కాలేజీ పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి ఆ ఫార్వర్డ్ మళ్ళీ వచ్చింది. ఏడాదికి రెండు మూడుసార్లు వస్తూనే ఉంటుంది, ఒక్కోసారి ఒక్కో ఫొటోతో. ఈసారి 2012లో ఫిన్లాండ్‌లో, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కెమెరాకి మధ్యవేలు చూపించిన ఫొటో. కింద ఉన్నదాని సారాంశం ఇదీ: లైనస్ మొహం మీద తిట్టబట్టే లినక్స్ ఇంత గట్టిగా తయారైంది. 2018లో మర్యాద రూల్స్ పెట్టాక అసలు టాలెంట్ వెళ్ళిపోయింది. తిట్లు తట్టుకోలేనివాళ్ళకి ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి మార్చగల సాఫ్ట్‌వేర్) ఎందుకు? మర్యాద అంటే చెత్త కోడ్‌ని కూడా పొగడమనడమే. అయినా ఫ్రీగా పని చేసిపెట్టేవాడు ఎలా మాట్లాడినా మనం పడాలి.

దాని కింద వరసగా చప్పట్లు. కొట్టినవాళ్ళలో సగం మంది నాకు బాగా తెలిసినవాళ్ళే. గ్రూపులో జవాబిస్తే మధ్యలో ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ పూలు పెడతారు, విషయం అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తిట్ల వల్లే క్వాలిటీ అనే మాటతో మొదలుపెడదాం. దీనికి అందరూ చూపించే సాక్ష్యం 2012 డిసెంబరు 23 నాటి మెయిల్. జరిగింది ఏమిటంటే, కెర్నల్‌లో, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ గుండెకాయలో, వీడియో పరికరాల విభాగంలో ఒక మార్పు చేశారు. దాంతో ఒకచోట కెర్నల్ తిప్పి పంపే ఎర్రర్ కోడ్ (తప్పేమిటో చెప్పే అంకె) మారింది. అప్పటిదాకా బాగానే నడుస్తున్న యూజర్ ప్రోగ్రాములు మొరాయించాయి. ఆ విభాగానికి వచ్చే మార్పుల్ని చూసి చేర్చుకునే మెయింటైనర్ తప్పు ప్రోగ్రాముదేనన్నాడు. లైనస్ విరుచుకుపడ్డాడు. నోరు మూసుకోమన్నాడు, దాని మధ్యలో ఒక అచ్చు వేయలేని మాట కూడా ఇరికించాడు. 'మేం యూజర్ ప్రోగ్రాముల్ని చెడగొట్టం' అని మొత్తం పెద్ద అక్షరాల్లో అరిచాడు.

ఆ మెయిల్‌ని ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో తిట్లన్నీ కొట్టేయండి. నేనొకసారి ఆ పని చేశాను. మిగిలిన ముక్కలు ఇవి: కెర్నల్‌లో మార్పు వల్ల యూజర్ ప్రోగ్రాము ఆగిపోతే అది కెర్నల్ బగ్గే. తప్పు ఎప్పుడూ ప్రోగ్రాము మీదికి నెట్టం. నువ్వు వాడిన ఎర్రర్ కోడ్ అక్కడ వాడాల్సింది కాదు. అంతే. నాణ్యతని కాపాడిన భాగమంతా కాగితం మీద భద్రంగా ఉంది. కొట్టేసినదాంట్లో ఆ మెయింటైనర్ నేర్చుకోవడానికి ఒక్క అక్షరం లేదు. లినక్స్‌ని నిలబెట్టింది ఆ రూల్. దాన్ని మామూలు అక్షరాల్లో రాసినా అది రూలే.

నా సొంత అనుభవం చిన్నదే అయినా చెబుతాను. పదేళ్ళ కిందట ఒక చిన్న ప్రాజెక్టుకి (పేరెందుకు లెండి) నా మొదటి ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపాను. ఒక్క లైనులో జవాబొచ్చింది: ఇలాంటివి పంపి మా టైము తినేముందు చదవడం నేర్చుకో అని. రెండు రోజులు నిద్ర లేదు. ఏం తప్పు చేశానా అని లాజిక్ అంతా పదిసార్లు తిరగేశాను. లాజిక్‌లో ఏ తప్పూ లేదు. మూడో రోజు ఇంకొకాయన రాశాడు: నీ మెయిల్ ప్రోగ్రాము ట్యాబుల్ని స్పేసులుగా మార్చేసింది, అందుకే ప్యాచ్ అతకడం లేదు, ప్యాచులు పంపే గిట్ సెండ్-ఈమెయిల్ కమాండ్‌తో పంపి చూడు. పది నిమిషాల్లో పనైపోయింది. మొదటాయన తిట్టాడు కానీ తప్పేమిటో చెప్పలేదు. క్వాలిటీ అంటున్నారు కదా, ఆ రెండు జవాబుల్లో ఏది క్వాలిటీ పెంచిందో మీరే చెప్పండి.

ఇక 2018. ఆ సెప్టెంబరు 16న, 4.19 వెర్షన్ తయారీ మధ్యలో, లైనస్ స్వయంగా క్షమాపణ మెయిల్ రాశాడు. తన మెయిళ్ళలో నోటికొచ్చినట్టు చేసిన దాడులు వృత్తికి తగనివనీ, అనవసరమైనవనీ, ముఖ్యంగా వ్యక్తిగతంగా వెళ్ళినప్పుడు అవి తప్పేననీ అన్నాడు. మనుషుల భావాల్ని అర్థం చేసుకోవడంలో సాయం తీసుకుంటానని చెప్పి కొన్నాళ్ళు పక్కకి జరిగాడు. అదే సమయంలో కెర్నల్‌కి కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఫార్వర్డ్ రాసినవాళ్ళకి ఇదంతా ఎవరో లైనస్ మెడ మీద కత్తి పెట్టి చేయించినట్టుంది. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా, ఆయన చెప్పింది మాత్రం ఆయన మాటల్లోనే ఉంది. తిట్లని సమర్థించడానికి ఆయన ఫొటో వాడేవాళ్ళు ఆ మెయిల్ ఒక్కసారైనా చదవాలి.

తర్వాత ఏమైంది? 4.19ని సీనియర్ మెయింటైనర్ గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ అక్టోబరు 22న విడుదల చేశాడు. లైనస్ తిరిగొచ్చాడు. కొందరు తమ కోడ్ వెనక్కి తీసుకుంటారని అప్పట్లో తెగ ప్రచారం జరిగింది. ఆ ప్రచారం గాలి కొన్ని వారాల్లోనే పోయింది. 2019 మార్చిలో 5.0, 2022 అక్టోబరులో 6.0, మధ్యలో తొమ్మిది పది వారాలకొక వెర్షన్, గడియారం పెట్టినట్టు. ఒక్కో వెర్షన్‌లో పది వేలకి పైగా మార్పులు, వాటిని పంపేవాళ్ళు దాదాపు రెండు వేల మంది. టాలెంట్ వెళ్ళిపోయిన ఇల్లు ఇలా ఉండదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. రూల్ కాగితం ఉంటే చాలనుకోవడం కూడా అమాయకత్వమే. 2015లోనే కెర్నల్‌లో 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్' అనే చిన్న పత్రం చేర్చారు. ఒకరితో ఒకరు బాగుండండి అని అందులో ఉంది. మూడేళ్ళ తర్వాత కూడా లైనస్ క్షమాపణ చెప్పాల్సి వచ్చిందంటే ఆ కాగితం ఎంత పని చేసిందో తెలుస్తూనే ఉంది.

'తట్టుకోలేనివాళ్ళకి ఓపెన్ సోర్స్ ఎందుకు' అనే మాట నాకు అన్నిటికంటే చిరాకు. వెళ్ళిపోయినవాళ్ళు ఎవరో చూడరు మరి. 2013 జులైలో కెర్నల్ చర్చలో అందరి ముందూ లైనస్‌ని నిలదీసి, చర్చల్లో మర్యాదగా మాట్లాడాలి అన్న వ్యక్తి సేజ్ షార్ప్. అప్పుడు ఇంటెల్‌లో పని. లినక్స్‌లో యూఎస్‌బీ 3.0కి డ్రైవర్ రాసింది ఆ చేతులే. 2009లో ఆ డ్రైవర్ వచ్చాకే కదా మన పెన్‌డ్రైవుల కొత్త స్పీడు లినక్స్‌లో అందింది! 2015 అక్టోబరులో, ఈ వాతావరణంలో ఇక పనిచేయలేనని షార్ప్ కెర్నల్‌కి దూరం జరిగారు. ఇంత పని చేసిన మనిషిని బలహీనులు అంటే ఆ మాటకి అర్థమేముంది?

అసలు ఈ వాదన మన గ్రూపుల్లో ఇంత బాగా ఎందుకు అతుకుతుందో నాకో అనుమానం. 'మా లెక్కల మాస్టారు బెత్తం విరిగేలా కొట్టబట్టే ఇంతవాళ్ళమయ్యాం' అని పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మైకు పట్టుకుని చెప్పేవాళ్ళని ఎంతమందిని చూడలేదు! అదే మాస్టారి దెబ్బలకి ఎనిమిదో తరగతిలో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడు ఆ సమ్మేళనానికి రాడు. వాడి చేతికి మైకు ఇచ్చేవాళ్ళు లేరు. కెర్నల్ కూడా అంతే. మిగిలినవాళ్ళే కథ చెబుతారు. మొదటి జవాబుకే బెదిరిపోయి రెండో ప్యాచ్ పంపని కుర్రాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. ఇంగ్లీషు మీడియం మొహం ఇంటర్లో గానీ చూడని మనవాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. తిట్టుకి తిరిగి జవాబివ్వాలన్నా భాష కావాలి కదా.

మర్యాద అంటే చెత్త కోడ్‌ని పొగడటమేనా? 2025 ఆగస్టు చూడండి. రిస్క్-ఫైవ్ (ఒక రకం ప్రాసెసర్ డిజైన్) విభాగం నుంచి వచ్చిన మార్పుల్ని లైనస్ 'చెత్త' అని తిప్పికొట్టాడు. అందులో ఒకటి, రెండు 16-బిట్ సంఖ్యల్ని కలిపి 32-బిట్ సంఖ్య చేసే ఒక బుల్లి ఫంక్షన్. నేరుగా షిఫ్ట్ చేసి కలిపితే ఏది పైభాగమో ఏది కిందిభాగమో కంటికి కనిపిస్తుంది, ఈ ఫంక్షన్ పేరు చూస్తే ఆ ముక్క కూడా తెలియదు, పైగా మీ విభాగానికి సంబంధం లేని ఫైల్లో పెట్టారు, అదీ ఆలస్యంగా పంపారు అన్నాడు. ఇందులో మెత్తదనం ఏమీ లేదు. నాకైతే ఇంకాస్త తగ్గొచ్చనే అనిపించింది. కానీ ఆ మెయిల్ చదివితే ఏం మార్చాలో తెలుస్తుంది. మర్యాద రూల్స్ వచ్చిన ఏడేళ్ళ తర్వాత రాసిన మెయిల్ అది.

ఫార్వర్డ్‌లో చివరి మాటలో సగం నిజం ఉంది: ఫ్రీగా చేసేవాడు మన తిట్లు పడాల్సిన అవసరం లేదు. కానీ కెర్నల్ విషయంలో 'ఫ్రీగా' అన్నదే తప్పు. అక్కడ పనిచేసేవాళ్ళలో అత్యధికులకి ఏదో ఒక కంపెనీ జీతమిస్తుంది, లైనస్‌కి లినక్స్ ఫౌండేషన్ ఇస్తుంది. నిజంగా ఫ్రీగా చేసేవాళ్ళ సంగతి వేరు. అక్కడ తిట్లు ఎక్కువగా మెయింటైనర్ల నుంచి రావు, వాడుకునేవాళ్ళ నుంచి మెయింటైనర్ల మీదికి వెళ్తాయి.

ఎక్స్‌జెడ్ కథ ఇదే. ఫైళ్ళని కుదించే ఈ చిన్న లైబ్రరీ దాదాపు ప్రతి లినక్స్ మెషీన్లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి చూసుకున్నది లాస్సే కాలిన్ అనే ఒక్క మనిషి, అదీ హాబీగా. 2022లో ఎవరికీ తెలియని పేర్లతో కొందరు ఆయన్ని పొడవడం మొదలుపెట్టారు. ప్యాచులు చూడటం లేదు, నీకు ఆసక్తి పోయింది, ఇంకొకరికి అప్పగించు అని. తనకి మానసిక ఆరోగ్య సమస్యలున్నాయనీ, ఇది జీతం లేని పననీ ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఒత్తిడి మధ్యే 'జియా టాన్' అనే మంచి మాటల సహాయకుడి చేతికి తాళాలు వెళ్ళాయి. 2024 ఫిబ్రవరి, మార్చి వెర్షన్లలో దొంగదారి చేరింది. మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని బయటపెట్టాడు. దూరం నుంచి మెషీన్లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వితే దొరికింది. ఆ పొడిచిన ఖాతాలన్నీ ఒకే ముఠావని భద్రత తెలిసినవాళ్ళ అంచనా. మెయింటైనర్‌ని సతాయించడం అక్కడ మామూలు విషయం కాబట్టే ఆ ఖాతాల మీద ఎవరికీ అనుమానం రాలేదు. దురుసుతనం సెక్యూరిటీ లోపం కూడా అవుతుందని ఫార్వర్డ్ రాసినాయనకి తట్టినట్టు లేదు.

ఇందులో మనవైపు లెక్క కూడా ఉంది, దాచడం ఎందుకు. ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపితే బహుమతిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్టు కోసం నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పు చేర్చుకోమనే విన్నపాలు) కావాలంటే, మన దేశం నుంచి ఒక వీడియో చూసి వేలమంది ప్రాజెక్టుల పరిచయం ఉండే రీడ్‌మీ ఫైళ్ళలో ఒక్కో పొల్లు మాట చేర్చి పంపారు. మెయింటైనర్లు గగ్గోలు పెట్టాక, ఒప్పుకున్న ప్రాజెక్టులే లెక్కలోకి వచ్చేలా నియమం మార్చారు. 2024 మొదట్లో వెబ్ సర్వర్లకి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు మీద కూడా ఇలాగే పడ్డారు, ట్యుటోరియల్లో చూపించారని రీడ్‌మీలో తమ పేర్లు రాసి. వాళ్ళెవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. అయినా అది అమర్యాదే. ఎదుటివాడి ఆదివారం మధ్యాహ్నం తినేశారు.

ఇదంతా టైపు చేస్తుండగా గ్రూపులో జూనియర్ ఒకడు విడిగా మెసేజ్ పెట్టాడు: "అన్నా, కెర్నల్‌కి ప్యాచ్ పంపి నాలుగు రోజులైంది, రిప్లై లేదు. మళ్ళీ అడిగితే తిడతారా?"

"తిట్టరు గానీ ఇంకో మూడు రోజులాగు. కనీసం వారం ఆగి అడగమని వాళ్ళ డాక్యుమెంటేషన్లోనే రాసుంది. ఈలోగా ఖాళీగా ఉంటే ఇంకొకరి ప్యాచ్ టెస్ట్ చేసి చెప్పు" అన్నాను.

"సరే అన్నా. ఆ ఫార్వర్డ్ చూసి టెన్షన్ పడ్డా" అన్నాడు.