టీఆర్పీ మీటరు గారికి న్యూస్ డెస్కు రాసుకున్న లేఖ

మహారాజశ్రీ టీఆర్పీ మీటరు గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఈ రోజు గురువారం, ఏ ఛానల్‌ను ఎంతమంది చూశారో చెప్పే మీ లెక్క వచ్చే రోజు. లోకానికి వారం సోమవారం మొదలైతే మాకు శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. మీరు అలా కట్టారు మరి.

టీవీ చూసేవాళ్లను లెక్కగట్టే సంస్థ బార్క్ వాళ్లు 2015 నుంచి మీ లెక్కలు వదులుతున్నా, మీకు కళ్లు లేవన్న సంగతి చాలామందికి తెలీదు. ఉన్నవి చెవులే. సిగ్నల్ ఉపగ్రహానికి ఎక్కకముందే ఛానల్లో ఒక ఎన్‌కోడర్ మనిషి చెవికి అందని గుర్తును ఆడియోలో దూరుస్తుంది. ఏ ఛానలో, ఏ సమయమో అందులో ఉంటుంది. మీరు దాన్ని పట్టుకుని నిమిషం నిమిషం రాసుకుంటారు. గదిలో ఎవరున్నారన్నది మాత్రం రిమోట్ మీద బటన్ చెప్పాలి. తాతగారికొకటి, కోడలుగారికొకటి, చుట్టాలకొకటి. తాతగారు తన బటన్ నొక్కి, పడక్కుర్చీలో వాలి గుర్రు పెట్టారనుకోండి. అరగంట చర్చకు అంత నమ్మకమైన ప్రేక్షకుడు ఇంకెక్కడ దొరుకుతాడు?

మీ లెక్కలో ఇంకో చమత్కారం ఉంది. అరగంట బులెటిన్‌ను ఒకే మనిషి ముప్ఫై నిమిషాలూ చూసినా, ముప్ఫై మంది తలా నిమిషం చూసి పారిపోయినా సగటు ఒకటే. వార్త చెప్పి కూర్చోబెట్టడం కష్టం, గంట కొట్టి పిలవడం సులువు. అందుకే తెర మీద 'బ్రేకింగ్' అన్న ఎర్రటి ప్లేటు దిగదు. ఎనిమిది సెకన్ల విజువల్ నలభైసార్లు తిరుగుతుంది. ఊళ్లోని పార్ట్‌టైం విలేఖరి, అదే మా స్ట్రింగర్, ఫోన్ లైన్లో 'ఇంకా వివరాలు తెలియాల్సి ఉంది' అంటుంటే యాంకర్ ఆ తెలియని వివరాలనే మళ్లీ అడుగుతారు. అసలు ముక్క బ్రేక్ తర్వాతే, ఎందుకంటే మీ గ్రాఫ్ జారేది సరిగ్గా అక్కడే.

ఇక మిమ్మల్ని నమూనాగా పెట్టిన ఇళ్ల సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ 2014 మార్గదర్శకాల్లో 20 వేల ఇళ్లతో మొదలెట్టి, ఏటా 10 వేలు కలుపుతూ 50 వేలకు చేరాలన్నారు. దేశం మొత్తానికి అది పెద్ద అంకెలానే కనిపిస్తుంది. దాన్ని భాషకూ, ఊళ్లకూ, వయసుకూ, రాత్రి పదకొండింటి స్లాటుకూ కోసుకుంటూ వెళ్తే చివరికి గుప్పెడు ఇళ్లు మిగులుతాయి. వాటిలో రెండు కుటుంబాలు పెళ్లికి ఊరెళ్తే ఇక్కడ ఎడిటర్‌కు మెమో. తప్పు వార్తదా, ముహూర్తానిదా అని అడిగేవాడు లేడు.

ల్యాండింగ్ పేజీ గురించి ఎక్కువ చెప్పం, మీకు తెలుసు. సెట్‌టాప్ బాక్సు వెయ్యగానే అడక్కుండా ఒక ఛానల్ వచ్చి కూర్చుంటుంది. రిమోట్ దిండు కింద నుంచి దొరికేదాకా ఆ ఇల్లంతా దాని అభిమానులే.

పాపం, నింద మాత్రం మీదే. 'ఏం చేస్తాం, టీఆర్పీ' అన్న మాటతో న్యూస్‌రూములో ఏ పాపమైనా కడిగేసుకోవచ్చు. ఇక్కడే మీ తరఫున ఒక మాట. 2020 అక్టోబరులో, మీరున్న ఇళ్లకు డబ్బిచ్చి ఫలానా ఛానల్ పెట్టుకోమన్నారని ముంబై పోలీసులు కేసు పెట్టారు. న్యూస్ ఛానళ్ల రేటింగులు ఆపేశారు. 8 నుంచి 12 వారాలన్నది సాగిసాగి 2022 మార్చిదాకా, ఏడాదిన్నరకు కాస్త తక్కువగా నడిచింది. మళ్లీ వచ్చినప్పుడు నాలుగు వారాల సగటు లెక్కతో వచ్చారు. ఆ ఆపేసిన కాలంలో వారం వారం ఛానల్ అంకె లేదు, గురువారం గుండెదడ లేదు. అయినా ఎర్రప్లేటు ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఎనిమిది సెకన్ల విజువల్ తిరుగుతూనే ఉంది. యాంకర్ గొంతు ఒక మెట్టు కూడా దిగలేదు. అంకె చెప్పేవాడు లేకపోయినా పూనకం ఆగలేదంటే, అది పట్టింది మీవల్ల కాదేమోనని మాకు అనుమానం. ఈ మాట మీటింగులో మాత్రం అనలేం.

ఉంటాం. బ్రేక్ అయిపోవచ్చింది. తాతగారు లేచారేమో కాస్త వినండి.

ఇట్లు,
మీ గ్రాఫును నమ్ముకున్న
న్యూస్ డెస్కు