సిమెంట్ లేని తుంటి కీలు పదేళ్లకే ఊడిపోతుందా?

"సిమెంట్ పెట్టకుండా వేసిన తుంటి కీలు ఐదేళ్లకు కదులుతుంది, పదేళ్లకు ఊడుతుంది, చిన్న వయసు వాళ్లు అస్సలు చేయించుకోవద్దు" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఏవీఎన్‌తో (రక్తం అందక తుంటి దగ్గర తొడ ఎముక తల చచ్చిపోయే జబ్బు) రెండేళ్లుగా కుంటుతున్న మా తమ్ముడు అది చదివి, డేట్ కూడా ఇచ్చాక, ఆపరేషన్ వద్దన్నాడు. అందుకే రాస్తున్నా.

ముందు ఆ "ఊడుతుంది" అన్న మాట. సిమెంట్ లేకపోయినా స్టెమ్‌ని (తొడ ఎముకలోకి దిగే కడ్డీ, దీని తలమీద బంతి ఉంటుంది), కప్పుని (ఆ బంతి తిరిగే గిన్నె) ఎముకలో గట్టిగా బిగించే కూర్చోబెడతారు. వాటి బయటి వైపు గరుకుగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది, చాలావాటికి హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండేలాంటి ఖనిజం) పూత కూడా ఉంటుంది. రెండు మూడు నెలల్లో ఎముకే అందులోకి పెరిగి పట్టేసుకుంటుంది. అసలు సిమెంట్ కూడా జిగురేం కాదు, సందుల్లో నిండి గట్టిపడుతుంది, అంతే.

పదేళ్ల లెక్కకొద్దాం. పదేళ్లలో మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చేవాళ్లు నూటికి 5 మందికి మించకూడదని బ్రిటన్‌లో ఏ వైద్యం వాడాలో చెప్పే నైస్ సంస్థ 2014లో గీత గీసింది. సిమెంట్ లేని మోడళ్లు చాలానే ఆ గీతకు లోపలే ఉన్నాయి. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రిజిస్ట్రీలు (దేశమంతటి కీళ్ల ఆపరేషన్ల రికార్డులు) చూసి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, అన్ని రకాలూ కలిపితే 25 ఏళ్ల తర్వాత కూడా నూటికి 58 కీళ్లు మార్చకుండానే నిలిచాయి. చిన్న వయసులో వేయించుకుంటే జీవితంలో ఒకసారి మార్చాల్సి రావచ్చు, అది నిజమే, కానీ పదేళ్లకే ఊడటం ఎక్కడ, ఇదెక్కడ?

ఈ భయం ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. కీలు చుట్టూ ఎముక కరిగిపోతుంటే ఒకప్పుడు సిమెంటే కారణమనుకుని దానికి "సిమెంట్ జబ్బు" అని పేరు పెట్టారు, సిమెంట్ లేని కీళ్ల మీద ఆసక్తి పెరగడానికి అదొక కారణం, తీరా చూస్తే వాటి చుట్టూ కూడా ఎముక కరిగింది! అసలు దోషి కప్పులోని ప్లాస్టిక్ లైనర్. బంతి రాపిడికి అరిగి రాలే పొడిని శరీరం తినేయబోతూ పక్కనున్న ఎముకనీ తినేస్తుంది. 1990ల చివర్లో వచ్చిన క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ చాలా తక్కువ అరుగుతుంది. మెసేజ్‌లో పాత లైనర్ల ఫలితాలు చూపించి ఇప్పటివాళ్లని భయపెడుతున్నారు, నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఆ మెసేజ్‌కి జతచేసిన ఏఎస్ఆర్ అనే తుంటి కీలు వార్త నిజమే, 2010లో కంపెనీ వెనక్కి తీసుకుంది, మన దేశంలోనూ వేలమందికి వేశారు. కానీ అందులో తేడా చేసింది లోహపు బంతి లోహపు కప్పులో రాసుకోవడం. సిమెంట్ లేకపోవడానికీ దానికీ సంబంధం లేదు.

మెసేజ్‌లో "మూడు నెలలు మంచమే" అన్నది ఉత్త మాట. చాలామందిని మర్నాడే వాకర్‌తో నడిపిస్తారు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఎముక బలహీనపడ్డ పెద్దవాళ్లకు సిమెంట్ లేని స్టెమ్ పక్కన ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. తుంటి విరిగిన 60 దాటినవాళ్లకు సగం కీలు (బంతి వైపు మాత్రమే) మార్చి చేసిన బ్రిటన్ పరిశోధనలో (2022) సిమెంట్ ఉన్నవాళ్లలో అలా విరిగింది నూటికి 0.5, లేనివాళ్లలో 2.1. అంటే అమ్మమ్మకి సరిపడేది మనవడికి సరిపడకపోవచ్చు.

మోడల్ పేరేంటి, పదేళ్ల ఫలితాలున్నాయా, లైనర్ ఏ రకం? డాక్టర్‌ని ఈ మూడూ అడగండి. తమ్ముడికి మళ్లీ బుధవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా, కాగితం మీద రాసి వాడి ఫైల్లో పెట్టాను.